ఆదివారం నింపే డబ్బా

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి కాంపౌండరు గారు భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు పరుచుకుని కూర్చున్నారంటే ఇక ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఫ్యాను కూడా తిరగకూడదు. మందుల షాపు మానేసి ఏడాది దాటినా ఆయనకి ఆ పేరూ పోలేదు, ఆ తీరూ పోలేదు. ఎదురుగా గోధుమరంగు గాజు సీసాలు, పక్కన మాత్రలు లెక్కపెట్టే పాత రేకు పళ్ళెం, ముందు ఏడు అరల ప్లాస్టిక్ డబ్బా. భార్యకి వారానికి సరిపడా మందులు ఆ డబ్బాలో సర్దడం ఆయన పని. అందులో ఇంకొకరు వేలు పెడితే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

షాపు నుంచి వచ్చిన మాత్రలన్నిటినీ స్ట్రిప్పుల్లోంచి నొక్కి తీసి సీసాల్లో పోసుకోవడం ఆయన పద్ధతి. బీపీ మాత్రలైతే ఆరు నెలల సరుకు ముందే అలమరాలో ఉండాలి. స్ట్రిప్పు పైన రాసినదాన్ని నమ్మేవాడు గుమాస్తా అవుతాడు గాని కాంపౌండరు కాలేడని, మాత్రని బొటనవేలి కింద దొర్లిస్తే అది ఏదో అదే చెబుతుందని ఆయన అనేవారు. ఆ మాట ఈ కుటుంబంలో ఎవరూ కాదనలేదు. అసలు ఆయన మాట దేన్నీ ఎవరూ కాదనలేదు.

ఆయన కూతురు ఫార్మసీ కాలేజీలో పరిశోధన విభాగంలో పనిచేస్తుంది. పెద్దవాళ్ళు ఇళ్ళల్లో మందులు ఎలా వాడుతున్నారన్నది వాళ్ళు చేస్తున్న పరిశోధన. ఇంటింటికీ వెళ్ళి మందుల సంచి బల్ల మీద గుమ్మరించి, ప్రతి మాత్రా చూసి, పన్నెండు పేజీల ఫారం నింపాలి. మూడు నెలల్లో రెండు వందల ఇళ్ళు తిరిగింది. కళ్ళజోడు లేక బీపీ మాత్రలు రెండేసి మింగుతున్న ముసలాయన్ని, గడువు తీరిన మందుల్ని పారెయ్యడానికి ప్రాణం ఒప్పక దాచుకున్న మామ్మని, ఎంతోమందిని పట్టుకుని సరిదిద్దింది. ప్రొఫెసరమ్మ ఆమెని నలుగురిలో మెచ్చుకుంది కూడా.

ఆ ప్రొఫెసరమ్మే శుక్రవారం నాడు, మొదటి పది ఇళ్ళూ మళ్ళీ ఒకసారి చూసి రమ్మంది. ఆ పదింట్లో మొదటిది ఆమె సొంత ఇల్లు. ఎవరైనా సరే ఊరిమీద పడేముందు తన ఇంటి ఫారం నింపి చేయి అలవాటు చేసుకోవాలని ఆ విభాగంలో నియమం.

అందుకే ఆ ఆదివారం కాఫీ కప్పు ఒక చేతిలో, ఫారం ఒక చేతిలో పట్టుకుని తండ్రి ఎదురుగా కూర్చుంది. ఆయన ముఖం చిట్లించారు. నా డబ్బాకి కూడా తనిఖీయా అన్నారు. తనిఖీ కాదు, ఆఫీసు పని, ఐదు నిమిషాలంది.

వంటింట్లో ఆమె తల్లి ఎడమచేత్తో గిన్నెలు సర్దుకుంటోంది. ఆరువారాల కింద స్నానాల గది గుమ్మంలో కళ్ళు తిరిగి పడిపోయి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పోయినవారమే కట్టు విప్పారు. పిడికిలి బిగుసుకోవడం లేదు. వయసు మీద పడింది కదా, ఇంతకంటే రాదేమో అన్నాడు ఎముకల డాక్టరు. ఇంట్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. ముప్ఫై ఏళ్ళపాటు వీధి మొత్తానికి బట్టలు కుట్టిన చెయ్యి అది.

పడకముందునుంచే ఆవిడ మందగించింది. ముఖం ఉబ్బింది. ఎండలో కూడా చలి అనేది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది. కూతురు ఊరుకుంటుందా, చదువుకున్న పిల్లాయె. ఆఫీసునుంచి జ్ఞాపకశక్తి పరీక్ష కాగితం తెచ్చి తల్లిని కూర్చోబెట్టి ఐదు మాటలు చెప్పింది. పావుగంటాగి అడిగితే ఆవిడకి రెండే గుర్తున్నాయి. వయసుతో వచ్చే మతిమరుపు, తప్పదని తేల్చేసింది. డాక్టరు రక్తపరీక్ష రాస్తే, చెయ్యి కుదుటపడ్డాక చూద్దాంలెమ్మని వాయిదా వేసిందీ ఆమే.

ఫారంలో మొదటి ప్రశ్న మందు పేరు, తయారీ నంబరు. సీసాల మీద అవి ఉండవు కాబట్టి, తండ్రి అప్పుడే నొక్కి ఖాళీ చేసిన స్ట్రిప్పు అందుకుని నంబరు ఎక్కించబోయింది. పేరు చదివి ఆగిపోయింది. మళ్ళీ చదివింది.

"నాన్నా, ఈ స్ట్రిప్పులోవి ఏ సీసాలో పోశారు?"

"చిన్న తెల్లవి. థైరాయిడ్ సీసాలో పోశాను. ఏం?"

"ఇవి బీపీ మాత్రలు నాన్నా."

కాంపౌండరు గారు నవ్వారు. బీపీ మాత్ర గులాబీ రంగు, శనగ బద్దంత ఉంటుంది, అదిగో డబ్బాలో వేశాను చూడు అన్నారు. నలభై ఏళ్ళు వేళ్ళతో తిప్పినవాడికి మాత్రల గురించి చెప్పొచ్చావని తువ్వాలు సర్దుకున్నారు. ఆమె సీసాలోంచి ఒక మాత్ర తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మధ్యలో గీత, గీతకి ఆ పక్కా ఈ పక్కా రెండు అక్షరాలు. ఈ మూడు నెలల్లో నలభై ఇళ్ళల్లో చూసిన మాత్రే. అనుమానమే లేదు.

"కంపెనీ మారింది. ఇప్పుడు బీపీది కూడా చిన్నగా తెల్లగానే వస్తోంది. థైరాయిడ్ మాత్రలు ఎప్పుడు తెప్పించారు?"

సీసా నిండుగానే ఉంటోందిగా, నాలుగు నెలలనుంచీ వద్దంటున్నానని ఆయన చెప్పారు. చెబుతుండగానే గొంతు తగ్గింది. బీపీ మాత్రల పాత సరుకు అలమరాలో ఉంది. గులాబీవి అందులోంచి తీస్తున్నారు. కొత్తగా వచ్చిన తెల్లవాటిని వేలితో తడిమి, చిన్నవి కాబట్టి, ఖాళీ అయిన థైరాయిడ్ సీసాలో పోస్తున్నారు. నాలుగు నెలలుగా ఆవిడ రోజూ బీపీకి రెండు మాత్రలు మింగుతోంది. థైరాయిడ్‌కి ఒక్కటీ లేదు.

"స్ట్రిప్పు మీద ఏముందో చదవండి నాన్నా," అంది కూతురు. అనకుండా ఉండాల్సిందని ఆమెకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఆయన స్ట్రిప్పుని దూరంగా పట్టుకున్నారు. దగ్గరగా పెట్టుకున్నారు. వెలుతురుకేసి తిప్పారు. జేబులోంచి కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశారు. ఈమధ్య అక్షరాలు మరీ చిన్నగా వేస్తున్నారు వెధవలు, అన్నారు చివరికి. అక్షరాలు ఎప్పుడూ ఉన్నంతే ఉన్నాయి. ఎన్నాళ్ళనుంచి కనబడటం లేదని ఆమె అడిగితే స్ట్రిప్పుని బల్ల మీద బోర్లా పెట్టేశారు.

ఇక ఆమె ఆగలేదు. అమ్మకి కళ్ళు తిరిగింది ఇందుకని, ముఖం ఉబ్బింది ఇందుకని, చెయ్యి విరిగిందీ ఇందుకేనని, రెండు వందల ఇళ్ళల్లో చూసిన మూర్ఖత్వమంతా ఒకెత్తు, ఈ ఇంట్లోది ఒకెత్తని, నోటికొచ్చినంతా అనేసింది. కాంపౌండరు గారు పళ్ళెం తోసేశారు. మాత్రలు నేల మీద పడి దొర్లాయి.

"అంటే నా పెళ్ళానికి నేనే విషం పెట్టానంటావు. అంతేనా?"

"నాకు తెలుసు," అంది వంటింటి గుమ్మంలోంచి తల్లి.

ఇద్దరూ ఆవిడకేసి తిరిగారు. ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుని, సరిగ్గా మూసుకోని కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"గులాబీది ఎప్పుడూ చేదే. తెల్లది నాలిక మీద పెట్టగానే కరిగిపోయేది, రుచీ పచీ ఉండేది కాదు. ఒక ఆదివారంనుంచి రెండూ చేదుగా ఉన్నాయి. ఏదో మారిందనుకున్నాను."

"మరి చెప్పవేం అమ్మా?"

ఆవిడ భర్తకేసి చూసి, చూపు తిప్పుకుంది. నిరుడు షాపు యజమాని ఈయన్ని మాన్పించిన రోజు నీకు గుర్తుందా అని కూతుర్ని అడిగింది. పిల్లల సిరప్పు బదులు పెద్దవాళ్ళది ఇవ్వబోతే కౌంటరు దగ్గరే ఎవరో చూసి ఆపారు. మర్నాటినుంచి రానక్కర్లేదన్నాడు యజమాని. పదిరోజులు గోడకేసి తిరిగి పడుకున్న మనిషి, తినమంటే తినని మనిషి, ఈ డబ్బా కొని తెచ్చిస్తే లేచి కూర్చున్నాడు. డబ్బా తెచ్చిచ్చింది ఆవిడే.

"అది నా జబ్బుకి కాదే అమ్మాయ్, ఆయన జబ్బుకి మందు. ఈ పని కూడా మీకు చేతకావడం లేదని ఏ నోటితో చెప్పను? ఒక్క మాత్రేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ తర్వాత నాకే అన్నీ మర్చిపోవడం మొదలైంది. నువ్వేమో పరీక్ష పెట్టి, నాకు మతి పోతోందని తేల్చేశావు. ఇక నా నాలిక మీద నాకే నమ్మకం పోయింది."

కాంపౌండరు గారు నేల మీద కూర్చుని పడిన మాత్రలు ఏరసాగారు. కనబడక, అరచేత్తో తడిమి ఏరుతున్నారు. ఏరుతూనే, మామూలుగా, నేరం మోపే ధోరణి ఏమీ లేకుండా అడిగారు.

"మన ఇల్లు నువ్వు మొదటే చూశావు కదా. ఫారం కూడా నింపానన్నావు. అప్పుడు నీకూ తెలియలేదా తల్లీ?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. అప్పటికి పనికి కొత్త, మాత్రలు పోల్చుకోవడం ఇంకా రాలేదంటే చెల్లిపోతుంది. తండ్రి నమ్ముతాడు, తల్లి నమ్మినట్టు నటిస్తుంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టుంది ఆమె పని.

"నేను చూడలేదు నాన్నా. కాలేజీ క్యాంటీన్లో కూర్చుని ఐదు నిమిషాల్లో నింపేశాను. ఇంట్లో కాంపౌండరున్నాడు, మనింట్లో పొరపాటేం ఉంటుందని. 'పొరపాట్లు లేవు' అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు డబ్బా మూత తీసి ఉంటే అమ్మ పడేది కాదు."

ఏడ్చింది. అప్పటిదాకా తండ్రి మీద అరిచిన నోటితోనే ఏడ్చింది. ముగ్గురిలో ఎవరూ ఎవర్నీ ఊరుకోమనలేదు. కొంతసేపటికి ఆమే లేచి ముఖం కడుక్కుని డాక్టరుకి ఫోను చేసింది. తెల్లవి ఇప్పుడే ఆపెయ్యండి, రేపు పొద్దున్నే రక్తం ఇచ్చాక పరగడుపున థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టండి అన్నాడాయన. ఒంట్లో నీరసం, మరుపు చాలావరకు తగ్గుతాయన్నాడు. చెయ్యి సంగతి ఆమె అడగలేదు. అది అందరికీ తెలిసినదే.

మధ్యాహ్నం కాంపౌండరు గారు తనంతట తాను ఫారం తెచ్చి కూతురి ముందు పెట్టారు. రాయి అన్నారు. పేరుండదు కదా అని అడిగారు. ఉండదు, ఒకటో నంబరు ఇల్లని ఉంటుందంది. పాత ఫారం తప్పని, తాను చూడకుండా నింపానని కూడా కాగితం రాసిస్తానంది. ఉద్యోగానికి ఇబ్బందేమో అని తల్లి గొణిగింది. అయితే అవుతుందంది కూతురు.

పొరపాటు ఏ మందులో, ఎన్ని రోజులు, దానివల్ల కలిగిన నష్టం. ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చింది. పొరపాటు ఎవరు గమనించారన్న చోట నాలుగు గడులున్నాయి. రోగి అన్న గడిలో టిక్కు పెట్టింది.

"తెలిసి కూడా చెప్పలేదని ఎక్కడ రాస్తావే?" అంది తల్లి.

"దానికి గడి లేదమ్మా."

"పక్కన ఖాళీ ఉందిగా," అన్నారు కాంపౌండరు గారు. ఆయన ఫారంకేసి చూడటం లేదు, ఎటూ కనబడదు. "అక్కడ రాయి. ఇంటాయన అడగలేదని రాయి. వేలితో తడిమి చూశాడుగాని, మందు ఎలా ఉందే అని ఒక్కనాడూ ఆవిణ్ణి అడగలేదని రాయి."

కూతురు ఆ మాటలన్నీ రాసింది. రాయడానికి చోటు చాలక కిందికి తిప్పి రాసింది. కళ్ళ డాక్టరు దగ్గరికి బుధవారం వెళదామంటే ఆయన తలూపారు.

మర్నాడు పొద్దున్న రక్తం తీసుకెళ్ళాక, కొత్తగా తెచ్చిన మందుని కూతురు పైకి చదివింది. తల్లి ఎడమచేత్తో ఒక మాత్ర తీసి నాలిక మీద పెట్టుకుంది. కాంపౌండరు గారు నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు, కొత్తగా పనిలో చేరినవాడిలా.

"చేదుగా ఉందా?" అని అడిగారు.

ఆవిడ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. లేదంటూ తలూపి గ్లాసుకోసం కుడిచెయ్యి చాచింది. వేళ్ళు దాన్ని చుట్టుకోలేకపోయాయి. ఆయన ఇంకో చేత్తో ఆ చేతిని కింద పట్టి, గ్లాసు ఆవిడ నోటికి అందించి, నీళ్ళన్నీ తాగేదాకా అలాగే పట్టుకున్నారు.