అన్‌క్యానీ అంటే ఏటి?

శ్రీకాకుళంలో ఒక బట్టల కొట్టు మేడమీది గదిలో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. ఆ సాయంత్రం తుఫాను వాన. వచ్చింది ఇద్దరే: గోవింద్, ఈశ్వరి.

ఈశ్వరిది సముద్రం ఒడ్డు పల్లె. వాళ్ళ నాన్న లక్ష్ముడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఇంట్లో కూతురు పాఠం వల్లిస్తుంటే, వల బాగుచేసుకుంటూ ఆ మాటలన్నీ తనూ అనేవాడట. ఆయన పోయాక ఆ పిల్ల క్లాసులో నోరు విప్పడమే తగ్గించేసింది. ఉద్యోగం ఇంటర్వ్యూ చూస్తే దగ్గర పడింది.

వింతని చెప్పే మాటలు ఆవేళ పాఠం.

"ఎప్పుడూ ఎరగనిది స్ట్రేంజ్. పదిమందిలో ఇమడనిది ఆడ్. వియర్డ్ కూడా వింతే, కాకపోతే మనసుని కాస్త ఇబ్బంది పెడుతుంది. ఒళ్ళు జలదరించే చోటో, చప్పుడో అయితే ఈరీ..."

కరెంటు పోయింది.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఒకరి మొహం ఒకరికి కనబడటం లేదు. పైన రేకుల మీద వాన ఒకటే మోత. పిల్లలు బెదురుతారని, "నా వెంట అనండి" అన్నాను. "ఈరీ."

"ఈరీ" అన్నాడు గోవింద్, నా బల్ల పక్కనుంచే.

"ఈరీ" గొణిగింది ఈశ్వరి.

"ఈ...రీ."

మూడో గొంతు. వెనక బెంచీ నుంచి. బొంగురుగా, తడబడుతూ.

"గోవింద్, వేళాకోళాలొద్దు."

"నాను కాదు మేడమ్..."

ఉప్పునీటి వాసన. తడిసిన వల వాసన. బెంచీ కిర్రుమంది.

"నాన్నా..." అంది ఈశ్వరి. లేచినట్టుంది. తడుముకుంటూ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకో మాటుంది కదమ్మా" అంది ఆ గొంతు. "అన్‌క్యానీ. అంటే ఏటి?"

ఆ మాట నేనింకా చెప్పనే లేదు.

"పలక్కు" అన్నాను ఆమె చెవిలో.

పలికింది. ఇన్నాళ్ళూ మూసుకున్న గొంతు స్పష్టంగా పలికింది.

"బాగా తెలిసిందే నాన్నా... అయినా మునుపటిది కాదు. మనోడే అనిపిస్తాడు... మనోడు కాడు."

నేల మీద నీళ్ళు పడుతున్న చప్పుడు... టప్... టప్...

"మరైతే... నన్ను ఇంటికి రానివ్వవేటి?"

ఆమెని తలుపు వైపు గట్టిగా లాగాను. విదిలించుకుంది.

"రా నాన్నా" అంది ఏడుస్తూ. "రా. అమ్మ నీ కోసం సూస్తన్నాది."

కరెంటొచ్చింది. వెనక బెంచీ ఖాళీ. గోవింద్ అప్పటికే మెట్లు దిగి పారిపోయాడు.

"ఈ రాత్రికి మా ఇంట్లో ఉండిపోవే" అని బతిమాలాను.

"అమ్మ ఒక్కర్తే ఉంది మేడమ్" అంది. కళ్ళు తుడుచుకుని నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది.

గొడుగు పట్టి బస్సు దాకా వెళ్ళాను. బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో దిగిపోతే ఈశ్వరికి కిటికీ పక్క చోటు దొరికింది. ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంది. అంతమంది నిలబడి ఉన్నా ఎవరూ అటు పోవడం లేదు.

చేపల గంపతో ఎక్కిన ఒక ముసలమ్మ అందులో కూర్చోబోయి, సగం వంగి, ఆగిపోయింది. మెల్లగా వెనక్కి జరిగింది.

"సూడ్నేదు బావూ" అంది ఆ ఖాళీ సీటుతో. "నువ్వే కూకో."