సెనేట్‌లో దుభాషి

ఇలారియో కిచోచో ఆ రోజు చమోరో భాష క్లాసుకి అందరికంటే ముందొచ్చాడు. వచ్చేసరికి రూఫినా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"హోంవర్క్ చేశాను టీచర్! నమ్మరా?"

"యూనివర్సిటీ సెనేట్‌లో విద్యార్థుల తరఫు ఓటు నీదేనట. నిజమేనా?"

అతని నవ్వు ఆగిపోయింది. "నిజమే."

"మా చమోరో డిగ్రీ మూసేస్తే మీ మెరైన్ ల్యాబ్‌కి రెండు పోస్టులొస్తాయట. అదీ నిజమేనా?"

"అదీ నిజమే. కానీ రూఫినా..."

"టీచర్ అను! ఇన్నాళ్లూ వెనక బెంచీలో కూర్చుని మా తలకాయలు లెక్కపెట్టుకుంటున్నావన్నమాట. వెళ్లి చెప్పు, గదిలో మనుషుల కంటే బల్లులే ఎక్కువున్నాయని."

"ఒక్కమాట విను..."

అతని ముఖం మీదే తలుపు ధడాలున మూసుకుంది. లోపల రూఫినా చేతిలోని పుస్తకాలు బల్లమీద విసిరికొట్టింది. కోపం ఒక్కటే అయితే బాగుండేది.

సముద్రపు ఉప్పు జుట్టులో ఆరీ ఆరకుండానే పరిగెత్తుకొచ్చేవాడతను. చమోరోలో నోరు తెరిస్తే చాలు, క్లాసంతా పొట్టలు పట్టుకునేది. "నాకు ఆకలిగా ఉంది" అనబోయి "నేనే ఆకలిని" అని ఊరుకున్న ఘనుడు. కిందటి వారం వానలో కార్ల దాకా ఇద్దరూ ఒకే గొడుగులో నడిచారు. గొడుగు మొత్తం ఆమెవైపే ఒరిగింది. అతని ఎడమ భుజం తడిసి ముద్దయింది. ఆ భుజాన్ని తలుచుకుంటూ ఆ రాత్రి ఎంతసేపు మేలుకుందో ఆమెకే తెలుసు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

ఆ విశ్వవిద్యాలయం యుద్ధం తర్వాత సైన్యం వదిలేసిన రేకుల షెడ్లలో పుట్టింది. దీవి బడులకి టీచర్లు కావాలని మొదలైన చిన్న కాలేజీ. నర్సింగు వచ్చింది, వ్యాపారశాస్త్రం వచ్చింది, కొండ కింద ఒడ్డున మెరైన్ ల్యాబ్ లేచింది. దీవి సొంత భాషకి మాత్రం చాలాకాలం చోటు దొరకలేదు. చిన్నప్పుడు బడిలో చమోరో మాట్లాడినందుకు దెబ్బలు తిన్న ఎంగ్రాసియా మేడమ్, పెద్దయ్యాక తలుపు తలుపూ తట్టి ఆ డిగ్రీ పెట్టించింది. రూఫినా ఆమె శిష్యురాలు, ఆ శాఖలో చివరి ట్యూటరు.

సెనేట్ సమావేశమైన రోజు తుఫాను హెచ్చరిక ఉంది. హాలు కిటికీలకి పనివాళ్లు చెక్కలు కొడుతున్నారు. ఒక్కో దెబ్బకీ రూఫినా ఉలిక్కిపడుతోంది. చమోరో డిగ్రీ మూసెయ్యాలన్న తీర్మానం మీద ఓట్లు సరిసమానమయ్యాయి. మిగిలింది ఇలారియో ఒక్కడు. ముందు వరసలో మెరైన్ ల్యాబ్ డైరెక్టరు కాలుమీద కాలేసుకుని, నింపాదిగా అతనికేసి చూస్తున్నాడు. ఇలారియో పరిశోధనంతా ఆ మనిషి సంతకం మీదే నడవాలి.

"త్వరగా కానివ్వు బాబూ, గాలి ముదురుతోంది," అన్నాడు అధ్యక్షుడు.

ఇలారియో లేచి గొంతు సవరించుకుని చమోరోలో మొదలుపెట్టాడు.

"ఇంగ్లీషులో చెప్పవయ్యా!" అని అరిచారెవరో.

"రెండూ ఈ దీవి అధికార భాషలే కదండీ. అర్థం కానివాళ్ల కోసం దుభాషిని పెట్టండి," అన్నాడతను ఇంగ్లీషులో, మర్యాదగానే.

హాల్లో గుసగుస లేచింది. ఎంగ్రాసియా మేడమ్ సెనేట్ సభ్యురాలు కాబట్టి ఆమె దుభాషిగా ఉండటం కుదరదన్నారు. అందరి కళ్లూ వెనక్కి తిరిగాయి. రూఫినా లేవక తప్పలేదు. అతని పక్కన నిలబడింది గానీ అతని ముఖం చూడలేదు.

"మా తాతకి పక్షవాతం వచ్చింది," అన్నాడతను కూడబలుక్కుంటూ. ఆమె ఇంగ్లీషులో చెప్పింది. "ఆ తర్వాత ఆయనకి ఇంగ్లీషు పోయింది. చమోరో మిగిలింది. నాకేమో అది రాదు. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగేవాడు. నేను 'అవును తాతా, అవును' అనేవాణ్ని. మళ్లీ అడిగేవాడు. ఏడ్చేవాడు."

రూఫినా మొదటిసారి అతనికేసి చూసింది. చెప్పడం మాత్రం ఆపలేదు.

"క్లాసులో చేరిన మొదటి నెల్లోనే తెలిసింది, ఆయన అడిగేదేమిటో. 'నువ్వెవరి బిడ్డవి నాయనా?' అని. అంతే. ఆ సాయంత్రమే వెళ్లి చెప్పాను, నీ కొడుకు కొడుకుని తాతా అని. అప్పుడు గానీ తన చెయ్యి ముక్కుకి ఆనించుకుని దణ్ణం పెట్టనివ్వలేదు ఆయన."

మేకులు కొట్టేవాళ్లు కూడా ఆగిపోయినట్టున్నారు.

"మా ల్యాబ్‌కి ఆ పోస్టులు కావాలి. అది అబద్ధం కాదు. మా డైరెక్టరుగారికి నామీద కోపం వస్తుంది, అదీ తెలుసు. అయినా ఈ డిగ్రీ మూయడానికి నేను ఒప్పుకోను." నేలచూపులు చూస్తూ ఇంకో మాట అన్నాడు.

ముందు వరసలోని, చమోరో తెలిసిన ముసలి ప్రొఫెసర్లు గొల్లున నవ్వారు. ఎంగ్రాసియా మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రూఫినా చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమన్నాడు? ఆపేశావేం?" అన్నాడు అధ్యక్షుడు.

దుభాషి మాట దాచకూడదు. రూఫినా తలెత్తకుండానే చెప్పింది.

"మొదట తాతయ్య కోసం క్లాసుకి వచ్చాడట. తర్వాత..." గొంతు తగ్గించింది. "తర్వాత నా కోసం వస్తున్నాడట."

"అది రికార్డులో అక్కర్లేదులే," అన్నాడు అధ్యక్షుడు, నవ్వు ఆపుకుంటూ. ఒక్క ఓటుతో తీర్మానం వీగిపోయింది. డైరెక్టరు ఎవరితోనూ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు.

బయట వాన అడ్డంగా కొడుతోంది. వరండా స్తంభం చాటున ఇలారియో దొరికాడు.

"అంతమందిలో ఆ మాట నాచేతే చెప్పిస్తావా? బుద్ధుందా నీకు?"

"నేనే విడిగా చెబితే నమ్మేదానివా?"

"నమ్మేదాన్ని కాదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముందే చెప్పొచ్చుగా, తాతయ్య సంగతి!"

"చెప్పబోయాను. తలుపు ముక్కుకి తగిలింది."

ఏడుస్తూనే నవ్వేసింది. "మరి నీ పరిశోధన?"

"తెలీదు. ఇంకో గైడు దొరకాలి. దొరక్కపోతే..." అతని పెదవులు బిగుసుకున్నాయి. "భయంగానే ఉంది రూఫినా."

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈసారి టీచర్ అనమనలేదు. రెండో చేత్తో ఫోను తీసింది.

"అమ్మా, ఒక మనిషిని తీసుకొస్తున్నా. ఆ, మగమనిషే. అబ్బా, వచ్చాక చెబుతాగా!"

వాళ్లమ్మ గొంతు గాలిని మించి వినబడింది.

"కిటికీలకి చెక్కలు కొట్టడం వచ్చా అతనికి?"

రూఫినా అతనికేసి చూసింది. అతను గబగబా తలూపాడు.

"వచ్చటమ్మా."

"అయితే త్వరగా తీసుకురా. ఎర్రన్నం ఇంకో గిద్దెడు పొయ్యిమీద పడేస్తాను."