వణికే బొంగరం

పొద్దున్నే దేవుడి అరలో అన్నం పెట్టడానికి వచ్చిన సుమియేకి కొడుకు ఫోటో ముందు బొంగరం కనిపించలేదు. అగరుబత్తి బూడిద ఉంది, నిన్నటి టీ కప్పు ఉంది. బొంగరం ఉండాల్సిన తెల్లగుడ్డ మాత్రం ఖాళీగా ఉంది.

"నగిసా, అన్నయ్య బొంగరం నువ్వు తీశావా?"

"లేదమ్మా. ఆదివారం దాకా దాన్ని ఎవరం ముట్టుకోవద్దనుకున్నాంగా" అంది నగిసా, గిన్నెల్లోకి మిసో పులుసు వంచుతూ.

ర్యోహెయ్ పోయి ఆర్నెల్లయింది. చెట్టంత కొడుకు, గుండె ఆగి పోయాడు. పగలంతా మేడ కింద తండ్రి షాపులో పంపుల భాగాలు చేసేవాడు. పని ముగిశాక మిగిలిన ఇత్తడి ముక్కలతో వేళ్ళతో తిప్పే బొంగరాలు చేసుకునేవాడు. హిగాషి ఒసాకాలో ఆ వీధి లేత్ షాపుల వాళ్ళందరికీ అదో పిచ్చి. ఎవరి బొంగరం వాళ్ళే గీసుకుని, నమూనా మీద నమూనా చేసుకుని, సెలవు రోజున ఒకచోట చేరి గుంటపళ్ళెంలో ఢీకొట్టిస్తారు. ఓడినవాడు తన బొంగరాన్ని గెలిచినవాడికి ఇచ్చేసి రావాలి. అది వాళ్ళ కట్టుబాటు. అందుకే ర్యోహెయ్ అన్నేళ్ళు ఆడినా, తను చేసినవాటిలో ఇంట్లో మిగిలింది ఈ ఒక్కటే. ఆదివారం వాడి పేరు తలుచుకుని దాన్ని ఒక్కసారి తిప్పుతామని స్నేహితులు అడిగారు.

కింద షాపులోంచి మెట్లెక్కి వచ్చిన భర్త తెయిజో మొహం వెలిగిపోతోంది. కొడుకు పోయాక ఆ మొహంలో వెలుగు చూడటం సుమియేకి అదే మొదలు.

"ఇలా రండి, చూపిస్తా. ఇందాక తిప్పి చూస్తే తాగుబోతులా తల ఊపుతోందే ఇది. పాపం, పూర్తిచేసే టైం దొరకలేదు వాడికి. లేత్‌కి బిగించి ఒక్క పొర తీశాను. ఇప్పుడు చూడండి."

ముల్లంగి పచ్చడి గిన్నె పక్కకి జరిపి బల్ల మీద తిప్పాడు. బొంగరం అసలు తిరగడం లేదేమో అన్నంత నిటారుగా, చప్పుడు లేకుండా నిలబడింది. సుమియే కళ్ళు తుడుచుకుంది.

"ఎంత చక్కగా నిలబడిందండీ."

నగిసా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఏం చేశావు నాన్నా?"

"సరిచేశాను."

"ఎవరు చెయ్యమన్నారు? ఆ వణుకు వాడు కావాలని పెట్టాడు. ఒక పక్క కొంచెం బరువు వదిలాడు. తల ఊపుతూ వెళ్ళి ఎదుటిదాన్ని పక్కనుంచి కొడుతుంది. దానికోసం ఎన్ని నమూనాలు పారేశాడో నాకు తెలుసు, పక్కనే కూర్చున్నాను."

తెయిజో నవ్వబోయాడు. "వంకర బొంగరం ఎక్కడైనా గెలుస్తుందిటే?"

"గెలిచింది. వాడి జన్మలో గెలిచింది దానితోనే. ఓడి ఉంటే ఇంట్లో ఎందుకుంటుంది?"

సుమియే నెమ్మదిగా చాప మీద కూలబడింది. "గెలిచాడా? మాతో ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"చెబితే నాన్న చూపించమంటాడని" అంది నగిసా. "చిన్నప్పట్నుంచీ ఏది చేసినా ముందు నీకే తెచ్చి చూపించేవాడు. నువ్వు 'ఏదీ, ఇటివ్వు' అని తీసుకుని సరిచేసి ఇచ్చేవాడివి. ఒక్కటైనా అలాగే వదిలావా? వాడు పోగొట్టుకున్నవన్నీ నువ్వు సరిచేసినవే నాన్నా. ఈ ఒక్కదాన్ని బతికున్నన్నాళ్ళూ నీకు కనపడకుండా చెప్పుల పెట్టెలో దాచుకున్నాడు."

"చాలు, ఊరుకోవే" అంది సుమియే. కానీ ఆవిడ చూపు కూతురి మీద లేదు, మొగుడి మీద ఉంది. "వాడు పోయాక కూడా వదల్లేదా మీరు?"

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది తెయిజో పని. నలభై ఏళ్ళుగా వణికేదాన్ని చూస్తే ఆ చేతులు ఊరుకోవు. ఆ చేతులే ఆ ఇంటికి అన్నం పెట్టాయి. వాటిని తిట్టడం తేలికే గానీ, ఆ మనిషి తన ప్రేమను ఇంకోలా చూపించడం ఏనాడూ నేర్చుకోలేదు. బల్ల మీద బొంగరం ఇంకా తిరుగుతూనే ఉంది. తెయిజో అది ఆగేదాకా చూసి చేతిలోకి తీసుకున్నాడు.

"ఎంత బరువు వదిలాడు?" అన్నాడు చివరికి.

"తెలీదు. వేలితో తడిమి చూసుకునేవాడు."

"నాకు చేతకాదు. నువ్వు చేస్తావా? వాడు నీకు మిషన్ నేర్పాడుగా."

"అన్నయ్యది మళ్ళీ రాదు నాన్నా."

"రాదు" అన్నాడు తెయిజో. "తెలుసు."

పులుసు చల్లారిపోయింది. ఎవరూ తినలేదు. ముగ్గురూ కిందికి దిగారు. నగిసా ఇత్తడి ముక్కని లేత్‌కి కావాలనే ఓరగా బిగించింది. తెయిజో వెనక నిలబడ్డాడు. పనిముట్టు కీచుమన్నప్పుడల్లా అతని చెయ్యి ముందుకు రాబోయేది. రెండుసార్లు అలా అయ్యాక చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

మొదటిది తిప్పగానే పడిపోయింది. నగిసా తండ్రి వైపు చూసింది. అతను చేతులు వెనకే ఉంచుకున్నాడు. మరో ముక్క బిగించింది. ఈసారిది గీతలు గీతలుగా, మొరటుగా వచ్చింది. గుంటపళ్ళెంలో తిప్పితే తల ఊపుకుంటూ అంచుదాకా వెళ్ళి, పడకుండా మళ్ళీ లోపలికి వచ్చింది.

నగిసా దాన్ని తీసి తండ్రికి అందించింది. అలవాటు కొద్దీ తెయిజో బొటనవేలు దాని అంచు చుట్టూ తిరిగింది. బరువున్న పక్క తగలగానే ఆగింది.

దాన్ని అలాగే కూతురి అరచేతిలో తిరిగి పెట్టేశాడు.

"బాగుందమ్మా" అన్నాడు.

కొడుకుతో ఆ మాట ఒక్కసారైనా అన్నానా అని వెతుక్కున్నాడు. ఎంత వెనక్కి వెళ్ళినా దొరకలేదు. లేత్ పట్టుకుని అక్కడే కింద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుమియే వచ్చి పక్కన కూర్చుంది. ఊరుకోమని అనలేదు.