గేటు పక్కన పీట

చివరి సీను ఉన్న మెమరీ కార్డు పోయిన రోజు మధ్యాహ్నమే డైరెక్టరు డిటెక్టివును, ఆయన అసిస్టెంటును షూటింగ్ జరుగుతున్న ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. సాయంత్రం ఆరింటికి ఆ ఇల్లు కూల్చేవాళ్ల చేతికి అప్పగించాలి. అతను పుట్టి పెరిగిన ఇల్లు అది. సినిమా కథా అతనిదే. ఐదేళ్లప్పుడు తను గేటు తీసి వదిలేస్తే, మూడేళ్ల చెల్లి రోడ్డు మీదికి పరిగెత్తి లారీ కింద పడింది. ముప్పై ఏళ్లుగా మోస్తున్న ఆ తప్పును తెరమీద ఒప్పుకుందామని ఒక్క కెమెరాతో తీస్తున్నాడు.

గేటు దగ్గర అసిస్టెంటు కాలికి పీట తగిలింది.

"చూసుకోండమ్మా, మా బుల్లి హీరోను పైకెత్తే క్రేన్ అదే!" అన్నాడు కెమెరామన్.

ఆమె నవ్వింది. డిటెక్టివ్ మాత్రం తలెత్తి, తుప్పు పట్టిన గొళ్లెం చూశాడు.

"ఇదెప్పుడైనా మార్చారా?"

"లేదండీ. మా నాన్న పెట్టించిందే," అన్నాడు డైరెక్టరు.

కార్డుల డబ్బా ముట్టుకునేది ఇద్దరే: కెమెరామన్, చీటీలు అంటించే డైరెక్టరు అక్క. ప్రతి షాటుకూ ఎవరెక్కడ నిలబడ్డారో ఫొటో తీసి పుస్తకంలో అంటించే పనీ ఆవిడదే.

"చెంచా అంగుళం జరిగినా మా అక్క పట్టేస్తుంది," అన్నాడు తమ్ముడు గర్వంగా.

అసిస్టెంటు ఆ పుస్తకం తిరగేసింది. నలభై ఒకటి ఉంది. నలభై మూడు ఉంది. మధ్యలో ఉండాల్సిన, చివరి సీనులోని గేటు షాటుకు ఫొటో లేదు. అంతవరకూ కెమెరామన్‌నే అనుమానిస్తున్న ఆమె, పుస్తకాన్ని డిటెక్టివుకు అందించింది.

ఆయన అందర్నీ గేటు దగ్గరికి పిలిచాడు.

"పిల్లాణ్ణి పీటెందుకు ఎక్కించారు?"

"గొళ్లెం అందలేదు సార్," అన్నాడు కెమెరామన్. "పీట కనపడకుండా తీశా."

"వాడికెన్నేళ్లు?"

"ఐదు."

డిటెక్టివ్ డైరెక్టరు వైపు తిరిగాడు. "మీకూ ఐదే కదండీ. ఆ రోజు మీకు పీట ఎవరు వేశారు?"

"నేను... షాటంతా కెమెరా తెర మీదే చూశాను. పీట చూడలేదు," అన్నాడతను.

"మీ అక్కగారు చూశారు. అందుకే ఆ ఒక్క ఫొటో తీయలేకపోయారు."

అక్క సంచిలోంచి కార్డు తీసి పీట మీద పెట్టింది.

"నాకప్పుడు పన్నెండేళ్లు. ఆడుకోవడానికెళ్తూ గేటు వేయడం మర్చిపోయాను. తిరిగొచ్చేసరికి నువ్వక్కడ నిలబడి ఉన్నావు. గేటు నువ్వే తీశావా అని అందరూ పదేపదే అడిగారు. చివరికి అవునన్నావు. నేను నోరు మెదపలేదురా. ఇప్పుడు లోకం ముందు కూడా నువ్వే ఒప్పుకుంటుంటే చూడలేకపోయాను."

"ముప్పై ఏళ్లా, అక్కా?"



అతను కార్డు తీసుకున్నాడు. దాన్ని అక్క చేతిలోనే పెట్టి, పీట తీసి లోపల పడేశాడు.

అసిస్టెంటు గడియారం చూసింది. నాలుగున్నర. ఆరింటిలోగా చివరి సీను, ఈసారి నిజంగా జరిగినట్టు, మళ్లీ తీయాలి. అక్క వేషానికి పన్నెండేళ్ల పిల్లను ఇంకా వెతకలేదు.