నువ్వుల నూనె గీత

"జడపిన్నులు తీసి లోపలికి రండి."

సుధీంద్ర సుభాషిణితో మాట్లాడిన మొదటి మాట ఇది. ఆడపిల్లతో పరిచయం ఇలా మొదలుపెట్టేవాడు ఢిల్లీ మొత్తం గాలించినా ఇంకొకడు దొరకడని ఆమె ఆ క్షణంలోనే తేల్చుకుంది.

నిజానికి తప్పు అతనిది కాదు, ల్యాబ్ గదిలో ఉన్న అయస్కాంతానిది. పెద్ద స్టీలు డ్రమ్ములా నిలబడి, ఇనుము కనబడితే చాలు లాక్కుంటుంది. పదార్థం లోపల అణువులెలా అమరాయో చూపించే ఆ ఎన్ఎంఆర్ యంత్రాన్ని నడిపే ఉద్యోగం సుధీంద్రది. తెనాలి నుంచి వచ్చి కటవారియా సరాయ్‌లో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. జుట్టు మాత్రం పొద్దునా సాయంత్రం ఎండుగడ్డిలా రేగి ఉంటుంది.

సుభాషిణి పిన్నులన్నీ తీసి అతని బల్లమీద కుప్ప పోసింది. జడ ఊడి వీపంతా పరుచుకుంది. సోదా అయిపోయిందా, ఇంకా ఉందా అని హిందీలో గొణిగింది.

"తెలుగులోనే తిట్టొచ్చండీ. రిజిస్టర్‌లో మీ పేరు చూశాను," అన్నాడతను, తలెత్తకుండానే.

ఆమె వాళ్ల నాన్న నాగభూషణం గారు కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. సొంత ఊరు హనుమకొండ అయినా, పిల్ల పెరిగిందంతా ఢిల్లీలోనే. ఇప్పుడు వసంత్ కుంజ్‌లోని ఇంటి నుంచి బస్సులో వచ్చి పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె చదువు వెంట్రుక మీద. వెంట్రుకలోని ప్రోటీను లోపల ఎలా మెలికలు తిరిగి ఉంటుందో కనిపెట్టాలి. వెంట్రుకను ఊరికే తీసుకెళ్లి అయస్కాంతంలో పెడితే యంత్రం గీసే గీతల పటం, అంటే స్పెక్ట్రమ్, ఆకారం లేని దిబ్బలా వస్తుంది. దాన్ని సన్నగా కత్తిరించి, రోటర్ అనే వేలెడంత లేని గొట్టంలో కూరి, ఒక పక్కకి వాల్చి, సెకనుకి వేల చుట్లు తిప్పితే అప్పుడు గీతలు విడివిడిగా కనిపిస్తాయి.

కూరడంలోనే ఉంది కష్టమంతా. ఎక్కడన్నా సందు మిగిలితే రోటర్ కీచుమని ఆగిపోతుంది. మొదటివారం ఆమె రోటర్లన్నీ కీచుమన్నాయి. చివరికి సుధీంద్ర పక్కన కూర్చుని, ఆవకాయ జాడీలో పెట్టినట్టు కొద్దికొద్దిగా వేసి నొక్కాలని చూపించాడు. ఇంట్లో ఆవకాయ మా అమ్మ పెడుతుంది, నేను తింటానంతే అందామె. అయితే అంట్లు కూడా అమ్మే తోముతుందా అని అడిగాడతను. ఆ రోజు నుంచి రోటర్లు కడగడం ఆమె మానేసింది, అతను మొదలుపెట్టాడు. ఎవరు గెలిచినట్టో వాళ్లకే తెలియాలి.

జియా సరాయ్ దాకా నడిచి టీ తాగడం, యంత్రం తిరుగుతున్నంతసేపూ పోట్లాడుకోవడం, ఇలా చలికాలం వచ్చేసింది. సుభాషిణికి అతనంటే ఇష్టం ఏర్పడింది. చెప్పాలని చాలాసార్లు అనుకుంది. చెప్పేలోపల అతను ఏదో ఒకటి అని నవ్వించేవాడు.

జనవరిలో అసలు చిక్కు వచ్చింది. యంత్రంలో ఘనపదార్థాలను చూసే ప్రోబ్ అనే భాగం శనివారం మరమ్మతుకి వెళ్లిపోతుంది. ఈలోగా పోల్చి చూడటానికి ఒక స్పెక్ట్రమ్ కావాలి, రంగూ నూనే ఎరుగని వెంట్రుకది. అది లేకపోతే నెలాఖరు సెమినార్ లేనట్టే, సెమినార్ లేకపోతే థీసిస్ వేసవి దాటిపోయినట్టే. తన జుట్టు చూస్తే చిన్నప్పటినుంచీ కొబ్బరినూనెలో నానింది, ఎంత కడిగినా లోపలిది పోదు. ఆమె కళ్లు నేరుగా ఎండుగడ్డి మీదికి పోయాయి.

"నూనె రాసుకుంటారా?" అని అడిగింది.

"అసలు ముట్టనండీ. గదిలో సీసా కూడా లేదు," అన్నాడు సుధీంద్ర. అని, ఎందుకో తల తడుముకున్నాడు.

అయస్కాంతానికి దూరంగా పక్కగదిలో కూర్చోబెట్టి మెడమీది జుట్టు ఆమే కత్తిరించింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి జలుబు చేసి ముక్కు దిబ్బడేసి ఉంది, లేకపోతే కథ అక్కడే తెమిలిపోయేది.

మర్నాడు స్పెక్ట్రమ్ వచ్చింది. ప్రోటీను గీతలు మెత్తటి గుట్టల్లా బాగానే ఉన్నాయి. కానీ ముప్పై అంకె దగ్గర సూదిలా ఒక గీత నిటారుగా నిలబడింది. అది జిడ్డు గీత.

"రోటర్ సరిగ్గా కడగలేదు మీరు," అంది సుభాషిణి.

కడిగానన్నాడు. అయితే నూనె రాసుకున్నారంది. లేదన్నాడు. రెండూ నిజమయ్యే వీల్లేదు కదా అని ఆమె నిలదీసింది. అతను రోటర్‌దే తప్పయి ఉంటుందని ఒప్పుకున్నాడు.

అక్కడే ఆమెకి అనుమానం వచ్చింది. రోటర్ మీద వేలిముద్ర పడితేనే ఊరుకోని మనిషి ఇంత తేలిగ్గా తప్పు మీద వేసుకోడు. కాగితం ఇంటికి తెచ్చుకుని స్కేలు పెట్టి చూసింది. నూట ముప్పై దగ్గర ఇంకో సన్నని గీత ఉంది. కొబ్బరినూనె అయితే అక్కడ గీత దాదాపు కనబడదు. నువ్వుల నూనెకైతే వస్తుంది.

నువ్వుల నూనె అంటే తలంటు. కుంకుడు రసంతో ఎంత రుద్దినా కొంత జిడ్డు మిగిలే ఉంటుంది. దీపావళి ఎప్పుడో అయిపోయింది, భోగి ఇంకా రాలేదు. అతని పుట్టినరోజు జూన్‌లో, అది ఆమెకి బాగా గుర్తు. మరి ఈ చలిలో ఇంత పెద్దవాడికి తలంటు పోసిందెవరు? వాళ్లమ్మ ఊరినుంచి వచ్చి ఉండాలి. ఎందుకొచ్చింది? పెళ్లిచూపులకి. సుభాషిణి కాగితం మడిచేసింది. ఆ పూట అన్నం సహించలేదు.

తెల్లారి సన్నగా వాన పడుతోంది. తడిసిన శాలువాతోనే ల్యాబ్‌కి వెళ్లింది.

"మీ అమ్మగారు వచ్చారా?"

సుధీంద్ర చేతిలో పెన్సిల్ కిందపడింది. "మీకెవరు చెప్పారు?"

"మీ జుట్టు చెప్పింది. పెళ్లిచూపులకి వెళ్లొచ్చారా?"

"ఇంకా వెళ్లలేదండీ," అన్నాడు. "ఆ అమ్మాయికి చెప్పందే ఎలా వెళ్తాం?"

"చెప్పడానికేం?"

"నోరు రావట్లేదు. అమ్మ అయితే, అడగబోయేముందు తలైనా శుభ్రంగా ఉండాలని ఆదివారం తలంటు పోసేసింది. ఆ అమ్మాయి ఇల్లు వసంత్ కుంజ్‌లో. బస్సు నంబరు కూడా కనుక్కుంది."

సుభాషిణికి ముందు సంతోషం వచ్చింది, దాని వెనకాలే కోపం వచ్చింది. మరి నూనె సంగతి ఎందుకు దాచారని అడిగింది. చెబితే వేరేవాళ్ల జుట్టుకోసం వెళ్లిపోతారని భయమేసిందన్నాడు. పాడైంది నా సెమినార్ కదా అంది. తప్పేనన్నాడు, తల వంచుకుని.

తర్వాత నెమ్మదిగా తలెత్తాడు. "ఒక్కటి అడగనా? మిగతావాళ్ల శాంపిళ్లన్నీ ముందు సాల్వెంట్‌లో కడిగారు. జిడ్డున్నా పోయేది. నాదొక్కటే ఎందుకు కడగలేదు?"

సుభాషిణి దగ్గర జవాబుంది, కానీ ఢిల్లీలో నేర్చుకున్న ఏ భాషలోనూ అది బయటికి రాలేదు. ఇంట్లో మాట్లాడే హనుమకొండ మాటే వచ్చింది.

"నువ్వు రాసుకోనన్నవ్ కదా. నమ్మిన."

మిగిలిన జుట్టుని ఇద్దరూ కలిసి కడిగారు, ఆరబెట్టారు. రోటర్‌లో ఆమె కూరుతుంటే అతను చేతులు కట్టుకుని చూశాడు. ఈసారి సూది మాయమైంది. సెమినార్‌లో గైడు రాజగోపాల్ గారు, ఆ ఒక్క శాంపిల్ మొదట కడగకపోవడమేమిటని మందలించారు. ఆపరేటర్ మాట నమ్మానని సుభాషిణి నిజమే చెప్పింది. వెనకబెంచీలో ఆపరేటర్ తల గోక్కున్నాడు.

సెమినార్ తర్వాతి ఆదివారమే సుధీంద్ర వాళ్లమ్మ హనుమాయమ్మ గారు కొడుకుని వెంటబెట్టుకుని వసంత్ కుంజ్ వచ్చింది. నాగభూషణం గారు అబ్బాయి జీతం, ఊరు, చదువు అన్నీ అడిగి, చివరికి అలవాట్ల దగ్గర ఆగారు. మావాడు అబద్ధం ఆడడండీ అందావిడ. సుభాషిణి టీ కప్పు అడ్డం పెట్టుకుని నవ్వింది. సుధీంద్ర కిటికీలోంచి పార్కింగ్ స్థలాన్ని శ్రద్ధగా చూశాడు. ఎవరు ఎందుకు నవ్వారో పెద్దవాళ్లకి తెలియకపోయినా, మాట మాత్రం ఖాయమైపోయింది.

హనుమాయమ్మ గారు సంచిలోంచి సీసా తీసింది. తెనాలిలో గానుగ ఆడించిన నువ్వుల నూనె. వేలు ముంచి సుభాషిణి మాడున అద్ది, "చల్లగా ఉండు తల్లీ," అంది.

ఆ రోజు సుభాషిణి తల కడుక్కోలేదు.