సత్యకుమారి ఒప్పుకుంది

ఖోర్ ఫక్కాన్‌లో పొద్దు తొందరగా గుంకుతుంది. దుబాయ్ అవతల తూర్పు తీరం ఊరది, పడమట కొండలు అడ్డం కదా, సముద్రం మీద ఎండ ఉండగానే ఇళ్ళ మీదకి నీడ వచ్చేస్తుంది. ఆ సాయంత్రం మేడమ్ వాళ్ళు పెళ్ళికని ఫుజైరా వెళ్ళారు. విల్లాలో పనిమనిషి సత్యకుమారి ఒక్కతే. గిన్నెలు తోమేసి, టీ పెట్టుకుని, వంటింట్లోనే కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకో దొరికిన తీరిక.

అమలాపురం దగ్గర పల్లె ఆమెది. ధైర్యానికి లోటు లేదు గానీ, ఒక్క పట్టింపు మాత్రం ఇక్కడికొచ్చినా వదల్లేదు. దీపాలు పెట్టాక బయట నుంచి ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే మొదటి పిలుపుకి పలకదు. రెండో దానికీ పలకదు. పోయినవాళ్ళు రెండుసార్లే పిలుస్తారనీ, మూడోసారి పిలిస్తే అది మనిషేననీ నమ్మకం. "ఆఁ" అన్నామా, లోపలికి రమ్మన్నట్టే! మేడమ్ పిలిచినా అంతే. చీవాట్లు తినేది గానీ పలికేది కాదు.

ఇంత పట్టింపున్న మనిషి ఫోను విషయంలో ఎంత ధారాళమో చూడండి. ఏ పేజీ తెరిచినా అడ్డంగా ఓ చిన్న కిటికీ వచ్చి "ఒప్పుకుంటారా?" అని అడుగుతుందా... చదివేదీ లేదు, చూసేదీ లేదు, టక్కున నొక్కేసేది. మీరూ నేనూ మాత్రం చదివి ఏడుస్తున్నామా?

ఆ ఫోను మొగుడు వెంకటరాజు కొనిచ్చింది. అతను దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో డీజిల్ మెకానిక్కు. ఎక్కడుందో, ఏం చేస్తోందో కనిపెట్టడానికి తన అకౌంటే ఆమె ఫోనులోనూ పెట్టాడు. తాగి కొట్టేవాడు. మర్నాడు ఆకుపచ్చ గాజులు తెచ్చి బతిమాలేవాడు. ఎన్ని జతలు పగిలాయో! ఆమె రెండుసార్లు పారిపోతే రెండుసార్లూ పట్టుకున్నాడు. మూడోసారి ఇక్కడికొచ్చి సిమ్ మార్చేసింది. ఫోను మాత్రం మార్చలేదు, అందులో అమ్మ ఫొటోలున్నాయని.

వెతుక్కుంటూ బయల్దేరిన వెంకటరాజు కొండదారిలో లారీ కింద పడి పోయాడు. శవాన్ని ఊరికి పంపారు. కాలి చెప్పులు ఎంత వెతికినా దొరకలేదట. సత్యకుమారి ఏడవలేదు. ఖలాస్, ఇక నన్నెవడూ వెతకడు అనుకుంది. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

నెల తిరక్కుండా ఫోనులో ప్రకటనలు మొదలయ్యాయి. మొదట ఆకుపచ్చ గాజులు, సరిగ్గా ఆమె కొలతవి. తర్వాత ఖోర్ ఫక్కాన్ వచ్చే బస్సులు. ఆ తర్వాత మగవాళ్ళ తోలు చెప్పులు. ఏ పేజీ తెరిచినా అవే. వీటిలో ఒక్కటీ ఆమె వెతకలేదు.

అందుకే ఆ మధ్యాహ్నం బజారులో రమీజ్ కొట్టుకి వెళ్ళి చూపించింది. కడపవాడు, సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.

"కుకీలక్కా ఇవి," అన్నాడు రమీజ్. "నువ్వు చూసిన పేజీ నీ ఫోనులో ఒక చీటీ పెట్టి పోతుంది. మళ్ళీ నువ్వు కనపడితే ఆ చీటీ చూసి గుర్తుపడుతుంది. పెట్టేదానికి నువ్వే ఒప్పుకున్నావు."

"నేను గాజులు ఎతకలేదు తమ్ముడూ."

"అయితే ఈ అకౌంటులో ఇంకెవరో వెతుకుతుండారు. ఒకరు వెతికితే ఇంకొకరికి కనపడతాయి. ఎవరిది ఇది?"

"ఆయన లేడు," అంది.

రమీజ్ చీటీలన్నీ తుడిచేశాడు, అకౌంటు తీసేశాడు. "అరె, మైకుకి కూడా పర్మిషన్ ఇచ్చేసినావే! నీ మాటలన్నీ వింటా ఉంటాది కదక్కా. ఉండు, అది కూడా..." అంటుండగానే నమాజు పిలుపు వినిపించింది. కొట్టు మూయాలి.

"వింటే విననీ. నా మాటల్లో ఏవుంది, బంగారవా?" అని నవ్వేసి వచ్చేసింది.

ఇప్పుడు టీ తాగుతూ, మేడమ్ పిల్లలు అడిగిన కేకు ఎలా చెయ్యాలో చూద్దామని ఫోను తీసింది. కిటికీ వచ్చింది. "ఒప్పుకుంటారా?"

అయ్యో! వద్దనుకునేలోపే బొటనవేలు నొక్కేసింది.

కేకు రాలేదు. తలుపు గడియ బొమ్మ వచ్చింది. ఇత్తడిది, పిడి దగ్గర చిన్న సొట్ట. సత్యకుమారి తలెత్తి చూసింది. వంటింటి వెనక తలుపుకున్నది అదే గడియ. అదే సొట్ట.

గబుక్కున ఫోను ఆపేసి, బల్ల మీద బోర్లా పెట్టింది. ఇంట్లో ఏసీ రొద తప్ప చప్పుడు లేదు. కాసేపటికి అదీ ఆగింది. ఎక్కణ్ణించో డీజిల్ వాసన... రేవు వైపు నుంచి గాలికి వస్తోందేమో అనుకుంది. గాలి లేదు. వాసన పెరిగింది. డీజిలూ, తలకి రాసుకునే కొబ్బరినూనే కలిసిన వాసన.

తలుపు అవతల కంకర మీద అడుగులు. నిదానంగా... దగ్గరగా... ఆగాయి.

"కుమారీ..."

ఆ గొంతు గుర్తుపట్టడానికి ఆమెకి ఏ చీటీ అక్కర్లేదు.

చున్నీ నోట్లో కుక్కుకుంది. పలక్కూడదు. ఒకటయింది. ఇంకొక్కటి... ఓర్చుకుంటే చాలు.

"కుమారీ... నేనే. తలుపు తియ్యవే..."

కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. పలకలేదు. ఊపిరి కూడా తియ్యలేదు.

నిశ్శబ్దం. వాసన పలచబడింది. కంకర మీద ఒక అడుగు వెనక్కి పడింది. ఇంకొకటి... వెళ్ళిపోతున్నాడు! అమ్మయ్య, బతికాన్రా దేవుడా అనుకుంది. చున్నీ ఇంకా నోట్లోనే ఉంది.

అప్పుడు బల్ల మీంచి ఆమె గొంతే పలికింది.

"ఆఁ... వత్తన్నానండీ!"

ఆపేసిన ఫోను. బోర్లా పెట్టిన ఫోను. తలుపు తియ్యడం ఆలస్యమైతే దెబ్బలు పడతాయని పరుగెత్తుతూ ఆమె ఏళ్ళ తరబడి అన్న మాట. అదే తొందర, అదే భయం.

అడుగులు ఆగాయి. వెనక్కి తిరిగాయి.

ఇత్తడి గడియ దానంతటదే కదిలింది...

గడప అవతల ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు. ఒకటి... తర్వాత రెండోది.