అంగుళం ఎత్తు టైర్లు

బెళుగుప్పలో తిప్పేస్వామి కారు తుడవడం మొదలుపెడితే తెల్లారినట్టే. నీళ్లకు కటకటగా ఉన్న ఎనభయ్యో సంవత్సరం అది. బకెట్లతో కడిగే రోజులు పోయి, తడిగుడ్డ పిండి తుడిచే రోజులు వచ్చాయి. ఆ పిండిన నీళ్లను కూడా పారబోయనివ్వకుండా ఆంజినమ్మ గుమ్మడి పాదుకు పోసేది. బాడుగకు తిప్పే ఈ పాత అంబాసిడర్ మీద ఉన్న ప్రేమలో పావు వంతు తన మీద చూపించి ఉంటే తన బతుకు ఇంకోలా ఉండేదని ఆమె మొగుణ్ని ఎత్తిపొడిచేది. అంటూనే డ్రైవరు సీటు మీద పరిచే తువ్వాలును ఉతికి ఆరేసేది.

ఆ రోజు ఆమె అరుగు మీద కూర్చుని రాగులు చెరుగుతోంది. కొడుకు ఓబుళేసు సంతబజారు నుంచి వస్తూనే చెప్పాడు.

"అమ్మా, అక్కోళ్లు శుక్రవారం పోతాండారంట. మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు. ఈడ గొర్రెలకు గడ్డి పరక ల్యాదు. వానలు పడినంక గాని రారంట."

ఆంజినమ్మ చేతిలో చేట ఆగిపోయింది. తిప్పేస్వామి మాత్రం తలెత్తలేదు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

కూతురు కదిరమ్మను చూసి ఆమెకు రెండేళ్లు దాటింది. గొర్రెలు కాసే ఎర్రప్పను చేసుకుంటానని కదిరమ్మ పట్టుబట్టింది. చేసుకుంది. తిప్పేస్వామి ఆ పెళ్లికి పోలేదు, ఆంజినమ్మను పోనివ్వలేదు. పైగా ఇంటికి వచ్చినవాళ్ల ముందు ఒక మాట అనేశాడు: "నేను పోయి ఒడిబియ్యం పోసి పిలిస్తేనే అది ఈ గడప తొక్కాల." పెళ్లయిన కూతురి ఒడిలో తల్లిదండ్రులు బియ్యం పోసి పుట్టింటికి పిలవడం అక్కడి ఆచారం. పిలవనిదే ఆడపిల్ల తనంతట తాను రాదు. కదిరమ్మ తండ్రికి తగిన కూతురు. రాలేదు.

మరి ఎందుకు పోయి పిలవలేదంటే, తిప్పేస్వామి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. కదిరమ్మ మెట్టిన పల్లె పేరు ఎద్దులబండ. దానికి ముందు రాళ్లవంక అనే వాగు. వంక మధ్యలో ఎర్రబండ. "ఆ బండ కాడ కారు కడుపు తగులుతాది. దాటదు. నేనేం చేయాల?" బావి మెట్ల మీద జారి తుంటి విరిగినప్పటి నుంచి ఆంజినమ్మ కర్ర లేకుండా నడవలేదు, బండి ఎక్కితే కుదుపులు ఓర్చుకోలేదు. అందుకని ఆ జవాబుకు తిరుగు లేకుండా పోయింది.

ఓబుళేసు కారు చుట్టూ తిరిగి వెనక టైరును కాలితో తన్నాడు. "నాయనా, ఇవి నున్నగా అయిపోయినాయి. ఎట్లాగూ కొత్తవి వేయాల్సిందే. ఈసారి ఆరు నలభై సైజు వేద్దాం. ఇదే చక్రానికి పడతాది. వెడల్పూ ఎక్కువ, ఎత్తూ ఎక్కువ. ఈ అరిగిపోయిన వాటి మీద కారు అంగుళం దాకా లేస్తాది."

"కంపెనీవోడు ఇచ్చింది ఐదు తొంభై. అదే వేసేది."

"అంగుళం లేస్తే ఎర్రబండ దాటుతాది నాయనా."

"మీటరు తప్పు చూపిస్తాది. పది కిలోమీటర్లు పోతే తొమ్మిదిన్నర అంటాది. స్టీరింగు బరువెక్కుతాది. మిట్ట ఎక్కేటప్పుడు ఫస్టు గేరులో కూడా లాగదు. పిల్లోడివి, నీకేం తెలుసురా?" తిప్పేస్వామి గుడ్డను బకెట్లో విసిరేశాడు. "కారు ఎట్ల చేసినారో అట్లే ఉండాల."

ఆంజినమ్మ కర్ర పట్టుకుని లేచింది. "నేనూ వస్తాండా కళ్యాణదుర్గానికి. టైర్లు వేసేది నా కండ్లతో చూస్తా."

"నీకేం పని ఆడ?"

"రెండేండ్లుగా నువ్వు చెప్పిందే విన్నా. ఈ పొద్దు టైర్లు వేసే ఆయప్ప చెప్పేది కూడా వింటా."

దారి పొడుగునా ఆమె ముందు సీటులో కూర్చుని బయటికి చూస్తూనే ఉంది. రోడ్డుకు రెండు వైపులా వేరుశనగ విత్తడానికి దున్ని, వాన రాక వదిలేసిన ఎర్రనేలలు. ఇదే సీటులో చిన్నప్పుడు కదిరమ్మ తన ఒడిలో కూర్చుని, హారన్ కొట్టనివ్వమని తండ్రిని సతాయించేది. కొట్టనిచ్చేవాడు కూడా. ఊరి కుక్కలన్నీ వెంటపడే దాకా కొట్టనిచ్చేవాడు. కూతురు పుట్టినప్పుడు ఇంత మురిసిపోయిన మగవాణ్ని ఆంజినమ్మ ఇంకొకణ్ని చూడలేదు. అలాంటివాడి మనసు ఇంత రాయి ఎలా అయిందో ఆమెకు రెండేళ్లుగా అర్థం కాలేదు.

యేసన్న టైర్ల అంగడి బస్టాండు వెనక ఉంది. అతను జాకీ పెట్టి కారు లేపి, అలవాటు ప్రకారం కిందికి దూరి ఒకసారి చూశాడు. అక్కడి నుంచే పెద్దగా నవ్వాడు.

"ఏమన్నా స్వామన్నా, తారు రోడ్డు మీద తిరిగే కారుకు కింద ఈ గీతలేందన్నా? ఎవరికీ తెలీకుండా యాడికి పోతాండావు?"

తిప్పేస్వామి అంగడి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఓబుళేసు వంగి చూశాడు. ఆంజినమ్మ కూడా కర్ర మీద బరువు వేసి, తుంటి నొప్పిని పంటి బిగువున పట్టి వంగింది. ఇంజను కింది రేకు మీద గీతలు. ఒకదాని మీద ఒకటి, ఎన్నో. కొన్ని తుప్పు పట్టిపోయినవి. కొన్ని మొన్న మొన్న గీసుకున్నట్టు తెల్లగా మెరుస్తున్నాయి. రేకు మడతల్లో ఎర్రరాతి పొడి ఇరుక్కుని ఉంది.

ఎర్రబండ దగ్గర కారు కడుపు తగులుతుందని ఈ మనిషికి ఎలా తెలిసిందని రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె అడగలేదు.

ఓబుళేసు తల్లి ముఖం చూశాడు. "యేసన్నా, టైర్లు చూద్దాం పా" అంటూ అతన్ని లోపలికి తీసుకుపోయాడు.

"ఎన్నిసార్లు పోయినావు?" ఆంజినమ్మ అడిగింది.

"బాడుగ లేని రోజల్లా," అన్నాడు తిప్పేస్వామి.

"పోయి?"

"బండ తగిలేది. ఆగిపోయేది. కొంచేపు కూచొని తిరిగొచ్చేవాణ్ని."

"దిగి నడిస్తే ఎంత దూరం? వంక దాటితే కనబడే ఊరే కదా!"

"కారు పోలేదు, నేనేం చేసేదని నాకు నేను చెప్పుకునేవాణ్ని." అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "కారు పోతే ఏం ముఖం పెట్టుకొని బిడ్డ ముందర నిలబడాల? మేళాలు లేకుండా, పుట్టింటోళ్లు ఒక్కరూ లేకుండా తాళి కట్టించుకునింది. నా నోట్లోంచి వచ్చిన మాటకు. చూడాలని పోయేవాణ్ని. బండ అడ్డమొస్తే, లోపల యాడో హమ్మయ్య అనిపించేది. నేను అంత పిరికోణ్ని, ఆంజినమ్మా."

ఆమెకు ఏడుపు వచ్చింది. దానికి ముందు కోపం వచ్చింది. "నువ్వు చూసుకోను పోతావా? తల్లిని నేను, ఇంట్లో గోడలు చూసుకుంటా పడుండాల్నా? నన్నెందుకు తీస్కపోలేదు?"

"నిన్ను తీస్కపోతే నువ్వు ఆగవు. కుంటుకుంటానైనా దిగి నడుస్తావు. నీ వెనక నేనూ రావాల్సొచ్చేది."

ఆ మాటకు ఆమె కోపం దిగిపోయింది. ఈ మనిషికి మనసు లేదని రెండేళ్లు తిట్టుకుంది. ఉన్నదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పాపం, కారు కింద దాచుకున్నాడు. కర్ర గోడకు ఆనించి అతని చేయి పట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో బజారులో అతని చేయి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఓబుళేసు, యేసన్న టైర్లు దొర్లించుకుంటూ వచ్చారు. ఏ సైజు తెచ్చారో తిప్పేస్వామి చూడలేదు.

"ఆరు నలభై వెయ్యి యేసన్నా," అన్నాడు. "నాలుగూ అవే."

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. బియ్యం మూట, కొబ్బరికాయలు, పసుపు, రవికెగుడ్డ, చీర. ఇంట్లో ఉన్న బెల్లమంతా ఆంజినమ్మ మూట కట్టింది. రాళ్లవంకలో నీటిచుక్క లేదు. ఎర్రబండ దగ్గర తిప్పేస్వామి కారు ఆపాడు. అతను గేరు వేశాడు. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. ఆంజినమ్మ చెవి ఒగ్గి వింది. కింద ఎక్కడా గీసుకున్న చప్పుడు రాలేదు. వెనక చక్రాలు కూడా దాటాయి.

"దాటినాం నాయనా!" ఓబుళేసు అరిచాడు. తిప్పేస్వామి నమ్మకం కుదరనివాడిలా తల ఊపాడు.

ఎద్దులబండలో ఉన్నది ఒకటే వీధి. బాడుగ కార్లవాళ్లకు ఒక అలవాటుంది. ఏ ఊరికి పోయినా ముందు కారును వచ్చిన దారివైపు తిప్పి పెట్టి, తర్వాతే మనుషుల్ని దించుతారు. తిప్పేస్వామి ఆ అలవాటునే అడ్డం పెట్టుకున్నాడు.

"తిప్పి పెడతా. మీరు దిగి ఒడిబియ్యం పోసి రండి. నేను కారు కాడ ఉంటా."

ఆంజినమ్మ అతన్ని కొరకొరా చూసేలోపే అతను స్టీరింగు పూర్తిగా తిప్పాడు. ముగ్గురు మనుషులు, బియ్యం మూట బరువుకు కారు కుంగి ఉంది. పెద్ద టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుని గర్రుమంది. ఇంకొంచెం లాగాడు. ఇంకా గట్టిగా అరిచి ఇంజను ఆగిపోయింది. కారు వీధికి అడ్డంగా నిలబడింది. ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. కట్టేసిన గొర్రెపిల్లలు బెదిరి అరిచాయి. ఆ గోలకు గుడిసెల్లోంచి జనం బయటికి వచ్చారు.

వాళ్లలో కదిరమ్మ ఉంది. నల్లబడింది, చిక్కిపోయింది. చేతులకు పిండి ఉంది. తల్లిని చూసి పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచే మెడ చుట్టేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత కదిరమ్మ కారు చుట్టూ తిరిగి తండ్రి వైపుకు వచ్చి నిలబడింది. తిప్పేస్వామి స్టీరింగు వైపే చూస్తున్నాడు. పోవడానికి అతనికి ఈసారి దారి లేదు.

"దిగు నాయనా," అంది కదిరమ్మ.

దిగాడు. తల వంచుకుని నిలబడ్డాడు. "నేను ముందరే రావాల్సింది తల్లీ."

"వచ్చినావు కదా. ఎన్నోసార్లు." ఆమె కళ్లు తుడుచుకుంది. "మన ఇంజను సద్దు నాకు తెలీదా? వంకలో వినపడతానే పని ఇడ్చిపెట్టి ఉరికేదాన్ని. నేను గట్టు ఎక్కేసరికి దుమ్ము కనపడేది. నువ్వు ఉండేవాడివి కాదు."

అప్పుడు తిప్పేస్వామి ఏడ్చాడు. నడివీధిలో, అంత మంది ముందు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పక్కనే నిలబడ్డ అల్లుడు ఎర్రప్ప ఏం చేయాలో తోచక లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తిప్పేస్వామి ఆ నీళ్లు తాగి, చెంబు తిరిగి ఇస్తూ అల్లుడి భుజం మీద చేయి వేశాడు.

ఒడిబియ్యం మొదటి దోసిలి తండ్రే పోశాడు. గింజలు కింద పడుతుంటే కదిరమ్మ కొంగు ఇంకా వెడల్పుగా పట్టింది. "మీరు శుక్రవారం కదా కదిలేది," అన్నాడు తిప్పేస్వామి ఎర్రప్పతో. "ఈ ఒక్క రాత్రి దీన్ని ఇంటికి పంపప్పా. గడప తొక్కిపోనీ. రేపు పొద్దున్నే తెచ్చి దింపుతా."

మనుషులు, మూట దిగాక కారు తేలికపడి తిరిగింది. కానీ బయల్దేరే ముందు తిప్పేస్వామి తాళం చెవి కొడుకు చేతిలో పెట్టాడు.

"నువ్వు తోలు. బరువెక్కువైతే వంక మలుపులో మళ్లీ ఒరుసుకుంటాది. నేను వంక దాటేదాకా నడుస్తా."

"ఒక మనిషికి ఏమవుతాది నాయనా, ఎక్కు."

"ఇన్నాళ్లూ నడవాల్సిన దారేరా అది. నడవనీ."

కారు కదిలింది. ఆంజినమ్మ వెనక సీటులో కూతురి చేయి తన ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతికి ఇంకా పిండి అంటుకుని ఉంది. నాలుగు బారలు పోయారో లేదో కదిరమ్మ వెనక అద్దంలోంచి చూసింది. ఎర్రటి దుమ్ములో తండ్రి తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కడే నడుస్తూ వస్తున్నాడు.

"ఓబుళేసూ, ఆపురా."

ఆమె దిగి వెనక్కి నడిచింది. కూతురి చేయి వదలడం ఆంజినమ్మకు కష్టమే అయింది. అయినా వదిలింది. రెండేళ్లు కాచుకున్న చేయి అది. ఇంకో వంక దూరం కాచుకోలేదా?

అద్దంలోంచి ఇద్దరూ పక్కపక్కన నడవడం కనిపిస్తోంది. కదిరమ్మ ఏదో అంటోంది. తిప్పేస్వామి తల అడ్డంగా ఊపుతున్నాడు, మళ్లీ నిలువుగా ఊపుతున్నాడు. ఏం మాట్లాడుకుంటున్నారో ఆంజినమ్మకు వినపడలేదు. అడగాలని కూడా అనిపించలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని కొడుకుతో అంది.

"మెల్లగా పోనీరా. వాళ్లను తొందరపెట్టద్దు."